రాయి మీద నీలి సైకిలు

ఊళ్లో ఎవరైనా చనిపోతే బాగుండునని నందే ఎదురుచూస్తోంది.

పైకి ఎవరితోనూ అనలేదు. కానీ పక్కింటి ముసలి మాసేకు అర్థమైపోయింది. "నా దిక్కు అట్ల జూడకే పిల్లా. జరం తగ్గింది. పొద్దుగాల గంజి గూడ తాగిన" అని బోసినోటితో నవ్వింది.

నందే పన్నెండో తరగతి, ఆర్ట్స్. సైన్సు రానివాళ్లు చదివేది ఆర్ట్స్ అని ఆ ఊరి లెక్క. నందేకు మాత్రం బొమ్మలు నేర్పే కాలేజీలో చేరాలని ఉంది. మొదటి గీత నుంచి చివరి రంగు దాకా సొంతంగా వేసిన పెద్ద బొమ్మను ఫోటో తీసి దరఖాస్తుతో పంపమన్నారు. గడువు దగ్గరపడుతోంది.

ఆమెకు తెలిసిన పెద్ద బొమ్మలు రోడ్డు పక్కన రాళ్ల మీదివే. ఎర్రబోరు ఊరు దాటాక కనిపించే రాళ్లలో చాలావాటికి రంగులు వేసింది ఆమె తాత సుక్కా. మనిషి పోతే ఆ పేరున ఒక రాయి. దాని మీద ఆ మనిషి ఇష్టపడ్డవన్నీ ఉంటాయి. ఎద్దులు, కోడిపుంజు, రేడియో, ట్రాక్టరు. ఈ ఏడు తాత చేతికి వణుకు వచ్చింది. వచ్చే రాయి నీదే అన్నాడు. ఆ వచ్చే రాయే రావడం లేదు.

ఉత్తినే ఒకటి వేసుకుంటానని అడిగితే కళ్లెర్రజేశాడు. "సావు లేకుండ రాయి బెడతరానే? దొంగరాయికి రంగేసిన చెయ్యి మళ్ల రంగు ముట్టగూడదు."

అప్పుడు ప్రశాంతి టీచరు ఆమెను బడి వదిలాక ఉండమంది. కిందటేడు కిరండూల్ నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఒంటరిగా ఉంటుంది. కూతురుందని తప్ప ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. దరఖాస్తు పంపమని నందే వెంటపడిందీ ఆవిడే.

టీచరు బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. "మా మీనా. దీనికి పెట్టు రాయి."

నందే ఫోటో చేతిలోకి తీసుకుంది. ఎప్పుడు, ఎలా అని అడగలేదు. తుపాకులు తిరిగే ఆ ప్రాంతంలో ఎలా పోయారని ఎవరూ ఎవరినీ అడగరు. అడిగితే వినలేని జవాబులే ఎక్కువ.

ఏమేం ఇష్టమో మాత్రం అడిగింది, తాత నేర్పినట్టు. నీలి సైకిలు, జామకాయలు, విశాఖపట్నం రైలు. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది టీచరు. ఫోటోలో మీనా పక్కనున్న మనిషిని ఎవరో కత్తెరతో తీసేశారు. మీనా భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలింది.

"ఈ చెయ్యి గూడ వెయ్యాల్నా మేడం?"

"వద్దు."

బస్సులు ఆగే చోట, రోడ్డు పక్కన రాయి నిలబెట్టారు. నందే తన చదువంతా ఆ రాయి మీదే ఉన్నట్టు రంగులు వేసింది. కోడిని కోశారు. టీచరు ఏడవలేదు. ఆమె బదులు మాసే ఏడ్చింది. సుక్కా ఆనవాయితీ ప్రకారం చెప్పవలసింది చెప్పాడు. రాయి పడ్డాక ఆ మనిషి ఇటువైపు మనిషి కాదు. వాకిట్లోకి వచ్చి పిలిచినా పలకకూడదు.

ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమంది టీచరు. తాత చెప్పాడు.

కాలేజీవాళ్లకు అన్నిటికన్నా ఆ నీలి సైకిలే నచ్చిందట. నందేకు సీటు వచ్చింది. ఆ ఊరి నుంచి బొమ్మల చదువుకు వెళుతున్నది ఆమె ఒక్కతే. నీవల్లనే సీటొచ్చిందన్నట్టు బయలుదేరే రోజు పొద్దున రాయికి దణ్ణం పెట్టుకుంది.

టీచరు బస్సు దాకా వచ్చింది. రాయికి వీపు ఆనించి నిలబడి, కొత్త ఊళ్లో ఎలా మసలుకోవాలో, మెస్సులో తిండి నచ్చకపోతే ఏం చేయాలో చెబుతూనే ఉంది. తల్లి లేని నందేకు ఆ మాటలు తీపిగా ఉన్నాయి.

బస్సు వచ్చింది. ఎండకు కొంగు కప్పుకుని, చంకలో పసిబిడ్డతో ఒకామె దిగింది. ఆమె ఖాళీ చేసిన కిటికీ సీట్లోనే కూర్చుంది నందే. టీచరు సంచి అందించింది.

దిగినామె రాయి ముందు ఆగిపోయింది. సైకిలు బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత ఇటు తిరిగి, "అమ్మా" అంది.

నందే తల బయటపెట్టి, "మేడం, మిమ్మల్నేనేమో పిలుస్తున్నది" అంది.

"నువ్వు కూడా పలక్కు నందే," అంది టీచరు వెనక్కి తిరగకుండా, "రాయి పడ్డవాళ్లు పిలిస్తే పలకకూడదని మీ తాత రెండుసార్లు చెప్పాడు కదా."