శ్రమల మీద స్పెషలిస్టు

ప్రేమ్‌సాగర్ అయ్యగారు శ్రమల మీద స్పెషలిస్టు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ ఇంట్లో కష్టమొచ్చినా, ఆదరణ వాక్యం చెప్పాలంటే ఆయనే చెప్పాలి. ఆయనకు మాత్రం కష్టాలతో అంత పరిచయం లేదు. ఆ రోజు తండాకు వస్తుంటే కారులో ఏసీ పనిచేయలేదు. ఈ ఏడాదికి అదే పెద్ద శ్రమ. దాన్ని కూడా ఆయన వృథా పోనివ్వలేదు, వాక్యంలో మొదటి పాయింటుగా పెట్టుకున్నారు.

అడవి అంచున తండా. రేకుల షెడ్డే చర్చి. అయ్యగారు కారు దిగీ దిగకముందే రూప్లి ఎదురొచ్చింది. భుజం మీద రెండేళ్ల కూతురు హర్షిత. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా మింగడం లేదు. మొగుడేమో సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్యూటీలో ఉన్నాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. తండాకున్న ఒక్క ఆటో మిర్చి కూలీలను ఎక్కించుకుని పోయింది.

"అయ్యగారూ, జర మీ కారు ఇయ్యుండ్రి. భద్రాచలం దవాఖానాకు తీస్కపోతా," అంది.

అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "సిస్టర్, కంగారు పడ్డామంటే దేవుణ్ని నమ్మనట్టే. కూడిక అయిపోనివ్వండి. చివర్లో పాప కోసం ప్రత్యేక ప్రార్థన చేస్తాను. ముందు వరసలో కూర్చోండి, కెమెరాకు కనపడేలా."

"కూడిక అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతది కద అయ్యగారూ."

"దేవుని టైము వేరు, మన టైము వేరమ్మా."

రూప్లికి ఏడుపొచ్చింది. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ రూప్‌సింగ్ వైపు చూసింది. ఆయన తండా సంఘానికి పెద్ద. పెద్ద అన్న మాటేగానీ, అయ్యగారు ఏమన్నా "అవ్ అయ్యగారూ" అనడం తప్ప ఆ నోట ఇంకో మాట రాదు. ఇప్పుడూ అదే అన్నాడు. రూప్లి చూసిన చూపుకు ఇంకొకరైతే తల దించుకునేవారు.

కూడికకు అయ్యగారిది ఒకటే షరతు. తను తెలుగులో చెప్పాలి, రూప్‌సింగ్ లంబాడీలోకి తర్జుమా చేయాలి. ఆ తండాలో తెలుగు రానివాళ్లు ఒక్కరూ లేరు. అయినా సరే, తర్జుమా ఉంటే వీడియోకు ఆ కళే వేరు. చూసేవాళ్లకు నిజంగా అడవుల్లో పడి పరిచర్య చేస్తున్నట్టుంటుంది.

బయట జనరేటర్ మోగింది. లోపల కీబోర్డు మోగింది.

"శ్రమ వచ్చిందంటే దేవుడు మీ ఇంటి అడ్రస్ మర్చిపోలేదని అర్థం," అన్నారు అయ్యగారు.

రూప్‌సింగ్ లంబాడీలో చెప్పాడు. వెనక వరసలో ఒకాయన ఆవలించాడు.

"ఇవాళ నా కారులో ఏసీ ఆగిపోయింది. సణిగానా? లేదు. స్తోత్రం అన్నాను."

రూప్‌సింగ్ అదీ చెప్పాడు. ముసలమ్మ ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాపం, ఆనందం పట్టలేకపోయిందనుకున్నారు అయ్యగారు. దాంతో ఊపు వచ్చింది.

"మీ మొర ఆయన విన్నాడు. నమ్మినవాడికి దారి దానంతటదే తెరుచుకుంటుంది."

ఈసారి రూప్‌సింగ్ గొంతు పెంచాడు. చాలాసేపు చెప్పాడు. అయ్యగారు రెండు ముక్కలంటే ఆయన పది ముక్కలు చెబుతున్నాడు. లంబాడీ మరీ ఇంత పొడుగు భాషా అని అయ్యగారు లోలోపల ఆశ్చర్యపోయారు.

రూప్లి ఒక్కసారిగా భోరుమంది. పాపను భుజాన వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది.

"ఎవరూ ఆపకండి. ఆమెను ఆత్మ తాకింది. ఏకాంతంగా ప్రార్థించుకోనివ్వండి," అని అయ్యగారు మైకులో చెప్పారు.

ఇన్నేళ్లుగా ఆయన వాక్యం వింటూ ఏనాడూ చలించని డ్రైవర్ పవన్ కూడా లేచి ఆమె వెనకే వెళ్లాడు. వాడిదీ పక్క మండలంలో తండాయే. సొంత భాషలో వింటే ఎవరి గుండెయినా కరుగుతుంది మరి.

రూప్‌సింగ్ చెయ్యెత్తాడు. తండా తండా అంతా చప్పట్లు అందుకుంది. హల్లెలూయ కేకలకు రేకులు దద్దరిల్లాయి. ఖమ్మంలో ఏ చర్చిలోనూ అయ్యగారు ఇంత స్పందన చూడలేదు. ఆ సంబరంలో ఇంకో గంట ఎక్కువే చెప్పారు. ఆయన ఆపబోయినప్పుడల్లా జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

చివరి ప్రార్థనకు పాప కనపడలేదు.

"సిస్టర్ ఏరీ?"

"ఆమె ఇంక ప్రార్థనలనే ఉంటది అయ్యగారూ," అన్నాడు రూప్‌సింగ్.

"ఉండనివ్వండి, కదిలించొద్దు." ముందు వరసలో ఇందాక పాప పడుకున్న ఖాళీ చాప మీదికి చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, అయ్యగారు గట్టిగానే ప్రార్థన చేశారు.

తర్వాత రూప్‌సింగ్ ఇంట్లో భోజనం. నాటుకోడి కూర, జొన్న రొట్టెలు. అయ్యగారికి కడుపూ నిండింది, మనసూ నిండింది. చెయ్యి కడుక్కుంటూ అడిగారు.

"బ్రదర్, వీడియోకు మంచి పేరు పెట్టాలి. నా వాక్యంలో ఏ మాట ఆ సిస్టర్‌ను అంతగా ఏడిపించింది?"

రూప్‌సింగ్ తువ్వాలు అందించి, ఎప్పట్లాగే చేతులు కట్టుకున్నాడు.

"'బిడ్డా, నీ మొర విని దేవుడే కారు పంపిండు, పవన్ తోలుతడు, పిల్లనెత్తుకొని జల్దీ భద్రాచలం దవాఖానాకు పో, నువ్వు చేరేదాంక ఈ అయ్యగారిని మేం చప్పట్లు కొట్టుకుంట కూసోబెడతం' అన్న మాటకు అయ్యగారూ."