నెమలి చెలమ

వాగు ఎండిపోయిన వేసవిలో ఒక అడవిపంది ముట్టెతో ఇసుక తవ్వి తవ్వి నీళ్లు తీసింది. అది పిల్లల్ని తీసుకురావడానికి వెళ్లగానే, నెమలి ఆ చెలమ పక్కనున్న బండ ఎక్కి, పింఛం విప్పి, అడవంతా వినిపించేలా అరిచింది. జంతువులన్నీ పరుగెత్తుకొచ్చి కడుపునిండా తాగాయి. తలెత్తి చూస్తే బండమీద నెమలి మెరిసిపోతోంది.

“ఇసుకలో నీళ్లుంటాయని కనిపెట్టావా! ఎంత మేధావివయ్యా!” అంది దుప్పి.

“చాలాకాలంగా ఆలోచిస్తున్నాలే,” అంది నెమలి.

“తవ్వింది పంది కదర్రా, నేను చూశాను,” అంది ముసలి తాబేలు.

“నువ్వు గుడ్లు పెట్టిన చోటే నీకు గుర్తుండదు కదా, అమ్మమ్మా!” అని కుందేలు నవ్వింది.

జంతువులన్నీ ఆ గుంటకు నెమలి చెలమ అని పేరు పెట్టాయి. నీళ్లు బురద చేస్తుందని పందినీ పిల్లల్నీ దగ్గరికి రానివ్వలేదు. తాబేలు మాత్రం మరిచిపోతానేమోనన్న భయంతో రోజూ “తవ్వింది పంది, తవ్వింది పంది” అని గొణుక్కునేది.

కొన్నాళ్లకు పంది, దాహంతో నాలుకలు వేలాడేస్తున్న పిల్లలతో మళ్లీ వచ్చింది. “నువ్వైనా చెప్పు, అమ్మమ్మా. ఇది తవ్విందెవరు?”

తాబేలు నోరు తెరిచి, మాట కోసం చాలాసేపు వెతుక్కుంది.

“నెమలి కదూ, తల్లీ?”

పంది తన పిల్లల్ని వెంటబెట్టుకుని, ఇసుక వాసన చూసుకుంటూ వాగు ఎగువకు నడిచింది.

కాస్త దూరంలో, పింఛం ముడుచుకుని, అడుగుల చప్పుడు కాకుండా నెమలి దాని వెనకే వెళ్లింది. చెలమ తవ్విందెవరో అడవిలో మరిచిపోనిది అదొక్కటే.