నాలుగు ముక్కల వేసవి

శనివారం ఉదయం పదకొండు గంటలకు ఆ బడిలో రెండు నెలల వేసవి సెలవులు పదిహేను రోజులకు తగ్గిపోయాయి. తీర్మానానికి నలుగురు చేతులెత్తారు. ముగ్గురు ఎత్తలేదు.

తీర్మానం హెడ్మాస్టరుది. మొత్తం మీద సెలవు ఒక్కటీ తగ్గదని ఆయన ముందే చెప్పాడు. ఉన్న రెండు నెలలనూ నాలుగు ముక్కలు చేస్తారు. ఒక ముక్క వేసవికి. మిగతా మూడూ ఏడాది మధ్యలో.

“రెండు నెలలు ఇంట్లో కూచుని ఎక్కాలు కూడా మర్చిపోయి వస్తున్నారు. మళ్లీ దారిలో పెట్టడానికే నెల పడుతోంది. ఆ తర్వాత ఏకబిగిన తోముడే. వాళ్లకీ ఊపిరాడదు, మాకూ ఆడదు” అన్నాడు.

సమావేశం ఏడో తరగతి గదిలో జరిగింది. కమిటీ సభ్యులు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. వరండాలో, కిటికీ ఊచ పట్టుకుని, ఒక బస్సు డ్రైవరు నిలబడ్డాడు. ఇంకొకరి డ్యూటీ అడుక్కుని ఆ ఊరికి బస్సు తెచ్చాడు. మధ్యాహ్నం తిరిగి తీసుకెళ్లాలి.

అతని కూతురు ఆ బడిలోనే చదువుతోంది. అయినా లోపల అతనికి చోటు లేదు. బడి లెక్కలో పిల్ల బాధ్యత తల్లిది. భార్యాభర్తలు విడిపోయినప్పుడు కోర్టు చెప్పింది కూడా అదే. వేసవి సెలవుల్లో పిల్ల తండ్రి దగ్గర, మిగతా ఏడాదంతా తల్లి దగ్గర. ఆ మాట రాసేనాటికి పిల్ల ఇంకా బడిలో చేరలేదు. వేసవి కుదించుకుపోతుందని ఏ లాయరూ అనుకోలేదు.

కమిటీలో అతనికి తెలిసిన మనిషి ఒక్కడే, సెలూన్ ఓనరు. ఏటా సెలవులిచ్చిన రోజు డ్రైవరు బస్సు దిగి, అక్కడ గడ్డం గీయించుకుని, అప్పుడు కూతుర్ని తీసుకెళ్లడానికి వెళ్తాడు. తీర్మానం సంగతి ఫోన్లో చెప్పింది ఆ ఓనరే. శనివారం ఉదయం సమావేశానికి ముందు కూడా డ్రైవరు అదే కుర్చీలో కూర్చున్నాడు.

“మిగతా సెలవులకీ పంపమని తల్లిని అడగరాదూ?” అన్నాడు ఓనరు, సబ్బు నురగ పూస్తూ.

“అడిగానన్నా. కోర్టు చెప్పినంతే అంది. పంతం కాదు. ఆమెకీ ఉన్నది ఆ పిల్లే.”

“మళ్లీ కోర్టుకెళ్తే?”

“ఉన్నదీ ఊడుతుందన్నాడు లాయరు. ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటాడో తెలియనివాడికి పిల్లనెవరిస్తారు?”

“పిల్లకి తెలుసా ఇదంతా?”

“తెలీదు. మధ్యలో ఎందుకు రావు నాన్నా అని చిన్నప్పుడు అడిగింది. ఉన్నమాట చెప్తే అమ్మ మీద కోపం పెంచుకుంటుంది. రెండు మూడు రోజుల సెలవులకి డిపోలో లీవివ్వరమ్మా, బడికి పదిహేను రోజులన్నా సెలవులుంటేనే ఇస్తారు అని చెప్పా.”

“అబద్ధమైనా అతికినట్టు చెప్పావు” అన్నాడు ఓనరు. “సర్లే, తల తిప్పకు. మన లెక్క బానే ఉంది. డ్రిల్లు మాస్టారిని గొంతు మీద కత్తి ఉండగా అడిగాను, కాదనలేదు. టైల్సు కొట్టు ఆవిడ ఎటూ మనవైపే. పిల్లలు ఏడాదికి నాలుగుసార్లు ఇంటి మీద పడితే కొట్టు ఎవరు చూస్తారంటోంది. నాతో ముగ్గురం. హెడ్మాస్టరు వైపు ముగ్గురు.”

“మరి ఏడో మనిషి?”

“ఈసారి కమిటీలో ఒక స్టూడెంటుని కూడా పెట్టారు. పోయిన వారమే పిల్లలంతా ఎన్నుకున్నారట. వేసవి సెలవులు చేదైన పిల్లలు ఎక్కడైనా ఉంటారా తమ్ముడూ? నువ్వు నిశ్చింతగా ఉండు.”

సమావేశంలో గంటసేపు వాదన జరిగింది. టైల్సు కొట్టు ఆవిడ రెండుసార్లు లేచింది. డ్రిల్లు మాస్టారు ఎండల సంగతి చెప్పాడు. సెలూన్ ఓనరు, పెద్ద సెలవులు లేకపోతే పిల్లలకు చుట్టాల మొహాలు గుర్తుండవన్నాడు. చేతులెత్తమంటే ముగ్గురు ఎత్తారు. ముగ్గురు ఎత్తలేదు.

“నువ్వు చెప్పమ్మా” అన్నాడు హెడ్మాస్టరు.

చివరి బెంచీలోంచి తొమ్మిదో తరగతి అమ్మాయి లేచింది. రెండు జడలు. చొక్కాకి కొత్త బ్యాడ్జీ. కిటికీ అవతల డ్రైవరు మొహం విచ్చుకుంది. ఓనరు అటు చూసి తల ఊపాడు.

“పది నెలలు చాలా ఎక్కువ సార్” అంది ఆ అమ్మాయి. “ఆగలేం. నాలుగు ముక్కలే బావుంటుంది.”

చెయ్యెత్తింది.

“విన్నారుగా. పిల్లలే అలిసిపోయామంటున్నారు” అని హెడ్మాస్టరు కలం మూత తీశాడు.

ఓనరు వరండాలోకి వచ్చేసరికి డ్రైవరు ఇంకా ఊచ పట్టుకునే ఉన్నాడు.

“కొంప ముంచింది తమ్ముడూ. ఇలాంటి పిల్లని నేనెక్కడా చూళ్లేదు. ఎవరు పెంచారో గానీ...”

“ఆ పిల్లని ఏమీ అనకన్నా” అన్నాడు డ్రైవరు.

గదిలోంచి కమిటీ సభ్యులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరికన్నా వెనక వచ్చిన ఆ రెండు జడల అమ్మాయి నేరుగా కిటికీ దగ్గరికి పరిగెత్తి, డ్రైవరు చెయ్యి పట్టుకుని, “ఏడాదికి నాలుగుసార్లు పదిహేనేసి రోజులు సాధించాను, ఇక మీ డిపోవాళ్లు లీవివ్వక చస్తారా నాన్నా?” అంది.