సీఆర్‌పీ ముప్పై ఎనిమిది

"నన్ను చేర్చుకోకుండా ఇంటికి పంపారంటే తర్వాత మీరే బాధపడతారు," అంటూ మీటరాయన రక్తపరీక్ష కాగితాన్ని డాక్టరమ్మ ముందు పరిచాడు.

ఐదు లోపు ఉండాల్సిన సీఆర్‌పీ ముప్పై ఎనిమిది ఉంది. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో మూడుసార్లు సున్నా చుట్టింది ఆయనే. ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి. మీటరు మాట తప్ప ఇంటివాళ్ల మాట ఏనాడూ నమ్మి ఎరగడు. రిపోర్టు చేతికి రాగానే దుప్పటి, గ్లాసు, దేవుడి పటం సర్దించి, ఆ సంచీ భార్య చేతికిచ్చి బయలుదేరాడు.

ఆవిడ మెట్టుమెట్టుకీ ఆగి ఆయాసపడుతుంటే, రోగం తనకా ఆవిడకా అని దారంతా విసుక్కున్నాడు. ఇంటికి వేయాల్సిన తాళం తెచ్చి సంచీకి వేసిందని డాక్టరమ్మకి కూడా చెప్పుకున్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని పరీక్షించింది. జ్వరం లేదు. బీపీ బాగుంది. ఆకలి మామూలే. ఎడమవైపు పంటి చిగురు వాచింది కనక కుడివైపు నములుతున్నాడు, అంతే.

"మీటరు గిరగిరా తిరిగితే ఏమిటి అర్థం?" అని అడిగింది.

"ఇంట్లో ఏదో నడుస్తోందని."

"ఏది నడుస్తోందో చెబుతుందా?"

"అది లోపలికెళ్లి చూసుకోవాలి."

"ఇదీ అంతేనండీ. ఒంట్లో ఎక్కడో వాపుందంటుంది. మీకది చిగురులో ఉంది. మందులు రాస్తాను, ఇవాళే పళ్ల డాక్టరుకి చూపించండి. ఆస్పత్రిలో చేర్చేది ఒక్క అంకెను చూసి కాదు, మనిషిని చూసి. ఒళ్లు కాలిపోతూ, ఊపిరందక, మతి తప్పుతుంటే రిపోర్టు కోసం కూడా ఆగం."

మీటరాయన మొహం చిన్నబోయింది. ఇంత సంచీ సర్దుకొచ్చి ఏ మొహం పెట్టుకుని వెనక్కి పోవడమని గొణిగాడు.

డాక్టరమ్మ వినడం లేదు. ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, చటుక్కున నర్సును పిలిచింది.

"మంచం సిద్ధం చెయ్యి. ఆక్సిజన్ కూడా."

మీటరాయన మొహం వెలిగిపోయింది. "దేవుడున్నాడు," అంటూ చొక్కా గుండీలు విప్పుకోసాగాడు.

డాక్టరమ్మ ఆయన్ని దాటుకుని వెళ్లి, గుమ్మం పక్క బల్ల మీద కొంగు కప్పుకుని వణుకుతున్న ఆయన భార్య చెయ్యి పట్టుకుంది.

"ఉన్నాడండీ. చేర్చాల్సిన మనిషిని సంచీతో సహా మీ చేతే తెప్పించాడు."