వ్యాక్స్ గట్టిపడకముందే

"సుభాష్‌గారి కొట్టు ఇదేనా అండీ?"

క్రిస్టీనా తలెత్తలేదు. చేతిలో పాలిష్ మెషీను గిర్రున తిరుగుతోంది.

నల్లకారు మీద పూసిన వ్యాక్స్ ఆరి తెల్లగా పొడిబారింది. మెత్తటి ఫోమ్ ప్యాడుతో ఇప్పుడే తీసెయ్యాలి. ఎండ తగిలి గట్టిపడిందా, ఇక ఓ పట్టాన ఊడదు. సాయంత్రం ఆ కారులో పెళ్ళికొడుకు ఎక్కాలి.

"ఇదేనండి. ఆయన లేరు."

"తెలుసండీ. అందుకే వచ్చేను."

గుమ్మంలో యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, చంకలో సంచి. రెండు మెట్లెక్కినందుకే ఆయాసపడుతున్నాడు.

క్రిస్టీనాకి ఒళ్ళు మండింది.

కొత్తపేట రోడ్డులో లారీ గుద్ది సుభాష్ పోయి మూడు నెలలు. లారీ ఆగలేదు. పరిహారం ఇప్పిస్తామంటూ వచ్చే వకీళ్ళ మనుషులూ ఆగడం లేదు. అందరివీ ఇలాంటి చొక్కాలే, ఇలాంటి సంచులే.

ఆమెకి కావలసింది పరిహారం కాదు.

ఆ పొద్దున దెబ్బలాడి, మొహం తిప్పుకుని పంపించింది మొగుణ్ణి. పోయే ముందు తన గురించి ఏమైనా అన్నాడా? ఆ రోడ్డులో కనపడిన ప్రతివాళ్ళనీ అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

"ఏ వకీలుగారు పంపేరండీ మిమ్మల్ని?"

"వకీలు కాదమ్మా. ఆ రోజు నేను..."

మెషీను వేగం పెంచింది. మిగతా మాట రొదలో కలిసిపోయింది.

"నేను సంతకాలు పెట్టనండీ. వెళ్ళండి!"

"రెండు ముక్కలమ్మా. అదొక్క నిమిషం ఆపితే..."

"ఆపితే వ్యాక్స్ పట్టేస్తుందండీ. మీరొచ్చి తీస్తారా?"

ఆయన చిన్నబుచ్చుకోలేదు.

"కానివ్వండమ్మా. ఉంటాను."

గోడ వారగా నిలబడ్డాడు. బానెట్ అయింది. తలుపులయ్యాయి. పైకప్పు అయింది. ఆయన కదల్లేదు.

కాళ్ళు పీకితే తనే పోతాడులే అనుకుంది క్రిస్టీనా. తీసిన చోటే కావాలని మళ్ళీ మెషీను తిప్పింది.

ఆపి చూసేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

"పీడా పోయింది," అనుకుంది.

రెండు వారాల తర్వాత ఒకావిడ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"మాది రాజోలండీ. మరియమ్మంటారు. మొన్న మా ఆయన మీ దగ్గరికి వచ్చేరా అండీ? తెల్లచొక్కా, పాపారావుగారని."

"ఆయ్, వచ్చేరు. మళ్ళీ మిమ్మల్ని పంపేరా?"

"ఇంకెక్కడి పంపడమమ్మా. ఇక్కణ్ణుంచి వస్తూ బస్సులోనే పోయేరు. గుండె."

క్రిస్టీనా స్టూలు జరిపి కూర్చోబెట్టింది.

"పోలీసులు స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడి ఇన్నాళ్ళూ రాలేదండీ. ఆఖరికి ఉండబట్టలేక బయల్దేరేరు. మీకు చెప్పేసేరు కదమ్మా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

"ఏం చెప్పాలండీ?"

మరియమ్మ ఆమె వంక అయోమయంగా చూసింది.

"ఆ రోజు రోడ్డు మీద మీ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది మా ఆయనేనమ్మా. 'మా క్రిస్టీనాతో చెప్పండి' అంటూ మీ ఆయన ఒప్పజెప్పిన మాట, 'అది ఆవిడ సొత్తు' అని నాక్కూడా చెప్పలేదు మా ఆయన."