పెళ్ళికొడుకు చోటు

"వచ్చేసింది ప్రిస్సీ! ప్రొఫెషనల్ బేస్‌బాల్ కాంట్రాక్ట్!"

విదేశంలో, వెర్రిబీ ఊళ్ళోని అద్దెగదిలో ఎబెన్ యూనివర్సిటీ బ్యాగు విసిరేసి గంతులేశాడు. ఈమెయిల్ చివరి వరుస చదివాక చతికిలబడ్డాడు.

"యుటిలిటీ ప్లేయర్ అట. ఎవడు రాకపోతే వాడి చోట ఆడాలి. నాకంటూ సొంత చోటే ఉండదు. వద్దని రాసేస్తా."

నెల కిందటే కాపురానికొచ్చిన ప్రిస్సిల్లా నడుం మీద చెయ్యేసుకుంది. "అబ్బో, దొరగారికి రోషం! చర్చిలో డ్రమ్స్ మీరే, మైకు మీరే, బిర్యానీ వడ్డన మీరే. అప్పుడేదీ ఈ రోషం?"

"అందుకే విసుగొచ్చింది."

"మన పెళ్ళికి కీబోర్డు వాయించే డేనీ రాకపోతే సూటేసుకుని మీరే వాయించారుగా! పాస్టర్‌గారి ఎదుట పెళ్ళికొడుకు చోటొక్కటే ఖాళీ."

"నువ్వూ నవ్వు. ఆరోజు చర్చిలో అందరూ నవ్వారు."

"నేను నవ్వలేదు. చర్చి గుమ్మంలో భయమేసి ఆగిపోయాను. వాయిస్తున్నది మీరని చూశాకే అడుగు పడింది."

ఎబెన్ అప్పటికే 'వద్దు' అని టైపు కొట్టినదాన్ని మెల్లగా చెరిపేశాడు. ఒప్పుకుంటున్నానని రాసి పంపాడు.

"రేపు పొద్దున్నే వెళ్ళి సంతకం పెడతా," అన్నాడు.

"అట్నుంచటే చర్చికి రండి," అంది ప్రిస్సిల్లా. "పాస్టర్‌గారికి గొంతు పోయింది. వాక్య ప్రసంగం మీరే చేస్తారని మాటిచ్చేశా."