పొగ పెట్టని వంకాయ

షుగరున్న మా ఆయనను వంకాయ తినమన్నారు డాక్టరు. పీచు ఎక్కువట, నూనె పోయకపోతే కడుపు నిండుతుంది కానీ ఒళ్ళు పెరగదట.

మంట మీద నల్లగా కాల్చి, మూతపెట్టి ఆ పొగలోనే మగ్గనివ్వడం మా అత్తగారి పద్ధతి. ఆవిడ పోయాక ఈ ఇంట్లో నేను వంకాయ కాల్చలేదు. ఇవాళా ఆవిరి మీదే ఉడికించాను. తొక్క తీసి, గుజ్జు మెదిపి, ఉప్పూ నిమ్మరసం కలిపి పెట్టాను.

ఆయన ఒక ముద్ద తిని ఆగిపోయారు.

"అచ్చం అమ్మ చేసినట్టే ఉందే! ఎంత బాగా కాల్చావు!"

"కాల్చలేదండీ, ఉడికించాను."

"ఊరుకో. గుప్పున వాసనొస్తుంటేనూ!"

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిజమే, పొగ వాసన. పొయ్యి చల్లగానే ఉంది. నా కళ్ళు మండాయి.

"నిజం చెప్పు, పొగ పెట్టావా లేదా?" అని నవ్వారాయన.

అత్తగారు పెట్టె సర్దుకుని ఈ గడప దాటిన రోజు కూడా ఆయన ఇదే మాట అడిగారు, నవ్వకుండా. లేదని ఒట్టేశాను. ఆ తర్వాత ఆవిడ రాలేదు, చావు కబురే వచ్చింది.

"పెట్టానండీ" అన్నాను.